వాగు ఇసుకలో దూడ అడుగులు

ముందే చెబుతున్నా, నేను దేన్నీ తొందరగా నమ్మే మనిషిని కాదు. దెయ్యాల సంగతి అటుంచండి, పాలామె నా కళ్ళముందే గేదెను పితుకుతున్నా చెంబులో ముందుగానే నీళ్ళున్నాయేమోనని వంగి చూస్తాను. ఇంట్లో నన్ను అనుమానాల పుట్ట అంటారు. అననీ.

మాది ప్రార్థన చేసుకునే కుటుంబం. చచ్చిపోయిన మనుషులు మళ్ళీ తిరుగుతారంటేనే మా నాయన ఒప్పుకునేవాడు కాదు, ఇక గొడ్ల మాట చెప్పాలా. నేనూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. కానీ వెలిగొండల్లో ఒక వాగు పక్కన నేను చూసినదాన్ని చూడలేదని మాత్రం చెప్పలేను.

అరవైల మొదట్లో సంగతి. ఎస్సెస్సెల్సీ తప్పి ఇంటిపట్టున ఉన్నాను. మా ఊరు కావలికి తూర్పున, సముద్రం పక్క. నాట్లు పడ్డాక మా ఊళ్ళలో గొడ్లకి మేత ఉండదు, ఎటు చూసినా వరే. అందుకని ఏటా కార్తీకానికి ముందు ఇంటింటి గొడ్లనీ కలిపి మందగా చేసి, ఉదయగిరి అవతల కొండలకి తోలించేవాళ్ళు. కోతలయ్యాక మంద దిగి వచ్చి పొలాల్లో పడేది. అన్నాళ్ళూ వాటి బాగోగులు కాపరివే.

దీనికొక కట్టుబాటుండేది. ప్రతి ఇంటి పశువుకీ చెవి మీద ఆ ఇంటి గాటు ఒకటుంటుంది. కొండ మీద గొడ్డు చచ్చిందంటే కాపరి ఆ గాటున్న చెవి కోసి ఊరికి పంపాలి. చెవి వస్తే మాట నమ్మేవాళ్ళు. చెవి రాలేదంటే అమ్ముకున్నాడనే లెక్క. అలాంటి కాపరికి ఆ తర్వాత ఏ ఊరివాళ్ళూ ఒక్క గొడ్డుని కూడా అప్పగించరు.

ఆ ఏడు మా ముత్యాలావు దూడని చిరుత ఎత్తుకుపోయిందని కబురొచ్చింది. చెవి రాలేదు.

కాపరి పేరు పెంచలయ్య. నేను మామా అని పిలిచేవాణ్ణి. మంచివాడే గానీ నోరు తెరిస్తే కోతలు. పిల్లి అడుగు కనపడితే పెద్దపులి అనేవాడు. ఎలుగుబంటితో కుస్తీ పట్టానని భుజం మీద మచ్చ చూపించేవాడు, అది చిన్నప్పటి కురుపు మచ్చని ఊరందరికీ తెలుసు. అలాంటివాడు చెవి లేకుండా చిరుత కథ పంపితే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మలేదు. నాయన కూడా నమ్మలేదు. "పోయి చూసిరా. నిజమైతే ఏదో ఒకటి మిగిలుంటాది, పట్టుకురా. లేదంటే వాడికిక మన మంద లేదు," అన్నాడు.

ఆ దూడని ఎక్కడున్నా పోల్చగలను. ముందు కుడికాలి గిట్టలో బయటి చీలిక పుట్టుకతోనే పొట్టి. నడిస్తే మూడు కాళ్ళ గుర్తులు మామూలుగానూ, ఆ ఒక్కటి మాత్రం ఒకపక్క కొరికేసినట్టూ పడేవి.

ఉదయగిరిలో బస్సు దిగి మా పెద్దమ్మ కొడుకు దావీదన్న దగ్గరికి పోయాను. ఆయన ఫారెస్టు గార్డు. అడవి జంతువుల గురించి చెప్పమంటే బోధకుడు వాక్యం చెప్పినంత శ్రద్ధగా చెప్పేవాడు. నాకు అడవి మీద ప్రేమా లేదు, జంతువుల మీద మోజూ లేదు. దొంగని పట్టాలంటే అక్కడి గుర్తులు తెలియాలి, అందుకని నేర్చుకున్నాను. పెంచలయ్య గుడిసెలో మకాం పెట్టి, రోజూ పొద్దున్నే దావీదన్న వెంట తిరిగాను.

చిరుత నడిస్తే గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, అడుగులో గోళ్ళ గుర్తు పడదు. దుమ్ములగొండికి పడుతుంది, పైగా దాని ముందు పాదాలు వెనకవాటికంటే పెద్దవి. రేచుకుక్కలు గుంపుగా వచ్చి దొరికినచోటే పీక్కుతింటాయి, నేలంతా తొక్కిడిగా ఉంటుంది. చిరుత అలా కాదు, చాటుకి ఈడ్చుకుపోతుంది. దాని పెంట పురితిప్పినట్టుండి లోపల వెంట్రుకలు కనపడతాయి. ఎలుగుబంటి వెనకపాదం మనిషి పాదంలాగే ఉంటుంది, చూసి నేను మొదట పెంచలయ్యదే అనుకున్నాను. అది తవ్విన చెదపుట్టలు, అడవిపందులు దున్నిపోసిన నేల, కణుజు కొమ్ములు రుద్ది బెరడు లేపిన చెట్లు, ముళ్ళపంది పళ్ళతో గీకిన ఎముకలు, అన్నీ చూపించాడు దావీదన్న. ఏ అడుగు కనపడినా పక్కన అగ్గిపెట్టె పెట్టి చూడమనేవాడు, లేకపోతే కన్ను మోసం చేస్తుందని. ఆ మాట నాకు బాగా నచ్చింది. కంటిని కూడా అనుమానించే మనిషి దొరికాడు.

ఇసుక సంగతి మాత్రం ఆయన నాకు నేర్పక్కర్లేదు. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. గుడ్లు పెట్టడానికి తాబేలు ఎక్కిన జాడేదో, తిరిగి దిగిన జాడేదో చిన్నప్పుడే చెప్పేవాణ్ణి.

ఇంతలో ఏదో దుంగల గొడవ వచ్చి దావీదన్నని రాపూరు వైపు పంపించారు. కొండ మీద నేనూ, పెంచలయ్యా, ఆయన భార్య రవణమ్మత్తా మిగిలాం.

నా అనుమానం ముత్యాలావు పొదుగు దగ్గర మొదలైంది. దూడ చనిపోయిన ఆవు పాలు చేపదు, చన్నుల్లోకి దించదు. మామూలుగా ఆ దూడ తోలు ఒలిచి, గడ్డి కూరి, ఆవు ముందు నిలబెడతారు. దాన్ని నాకుతూ ఆవు చేపుతుంది. ఇక్కడ తోలే లేదు. రవణమ్మత్త రోజూ చెంబు పట్టుకుని కూర్చునేది, ఆవు కాలు విదిలించేది. పొద్దున పొదుగు నిండుగా బిగిసి ఉండేది. కానీ సాయంత్రం మంద తిరిగి వచ్చేసరికి మెత్తగా వేలాడుతూ ఉండేది. చన్నులు తడిగా ఉండేవి.

మధ్యలో పాలెక్కడికి పోతున్నాయి? చేపందే ఎవరూ పితకలేరు. దూడ లేందే ఆవు చేపదు. అంటే దూడ బతికే ఉంది, పెంచలయ్య ఎక్కడో కట్టేసి పగలు తెచ్చి తాగిస్తున్నాడు, నేను తిరిగి పోయాక అమ్ముకుంటాడు. ఇంత సులువుగా దొరికిపోయాడేమిటా అని నాకు కొంచెం చప్పగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం మంద వాగు పక్కన నీడలో పడుకునేది. ఆ వాగు మలుపులో చాపలు పరిచినంత చదునుగా ఒక ఇసుక తిన్నె ఉంది. ఒకరోజు నేను చెప్పకుండా అటు పోయేసరికి పెంచలయ్య ఆ తిన్నె మీద వంగి ఆకుల మండతో ఇసుక చిమ్ముతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. ఏంటి మామా అంటే, గొడ్ల కాళ్ళకి ముళ్ళు గుచ్చుకుంటాయని ఊడుస్తున్నానన్నాడు. తాటిచెట్టెందుకెక్కావంటే దూడ గడ్డికోసం అన్నాడట వెనకటికొకడు. ముళ్ళు ఊడ్చేవాడు అడవిలో ఉన్న అన్ని దారులూ వదిలేసి ఆ ఇసుకే ఎందుకు ఊడుస్తాడు?

మర్నాడు కడుపునొప్పి అని గుడిసెలో పడుకున్నట్టు నటించి, వాళ్ళు వెళ్ళాక చుట్టు తిరిగి పోయి తిన్నెకి ఎదురుగా బండల మధ్య కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ. ఆకు కదలడం కూడా కనపడుతోంది. పెంచలయ్య అవతలి గట్టున చెట్టుకింద తువ్వాలు మొహం మీద వేసుకుని నిద్రపోతున్నాడు, రవణమ్మత్త చింతకాయలు ఏరుకుంటోంది. ఇద్దరూ నా కంటిముందే ఉన్నారు.

ముత్యాలావు మందలోంచి లేచి ఒక్కతే ఇసుక మీదికి వచ్చి నిలబడింది. సన్నగా అరిచింది. కాసేపటికి వెనక కాళ్ళు ఎడంగా పెట్టింది. మెడ తిప్పి తన పక్కన, పొదుగు ఎత్తులో, నాకడం మొదలుపెట్టింది. అక్కడ ఏమీ లేదు. నాలుక గాలిలో ఆడుతోంది. కిందనుంచి ఏదో కుమ్మినట్టు ఆవు ఒళ్ళు మధ్యమధ్యలో అదిరింది. చన్నుల చివర తెల్లగా నురగ కట్టి బొట్లుబొట్లుగా ఇసుకలో పడింది.

నేను కదల్లేదు. భయపడ్డానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు, భయపడ్డాను.

ఆవు వెళ్ళిపోయాక దిగి చూశాను. ఆవు గిట్టల పక్కన దూడ అడుగులు. తాజావి, అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. ముందు కుడికాలు ఒకపక్క కొరికేసినట్టుంది. అగ్గిపెట్టె పెట్టి చూశాను. కొండకి తోలేముందు మా పెరట్లో ఎంత ఉండేదో అంతే, ఈ నెలల్లో పెరిగిన పెరుగుదల లేదు. తాబేలుకి కూడా వచ్చిన జాడ, పోయిన జాడ ఉంటాయి. ఈ అడుగులు తిన్నె నడిమధ్యలో మొదలై, ఆవు పక్కన తొక్కాడి, అక్కడే ఆగిపోయాయి.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? వచ్చిన జాడ, పోయిన జాడ ఎవరో చెరిపేశారనుకున్నాను. చెరిపేవాణ్ణి నిన్ననే కళ్ళారా చూశాను కదా. నిద్రపోతున్న పెంచలయ్యని లేపి అడిగేశాను.

"దూడని యాడ దాచినావు మామా?"

ఎప్పుడూ మాటకి పది మాటలు చెప్పేవాడు లేచి తిన్నె దాకా వచ్చి ఆ అడుగులు చూసి కూలబడ్డాడు. "అబ్బయ్యా, నాకు అబద్ధాలు చానా వొచ్చు. ఇది మాత్రం నేను పుట్టించలా. చిరుత దాని గొంతు పట్టి లాక్కుపోయింది నేను చూసినాను, ఎంత ఎతికినా చెవి దొరకలా. ఆ తర్వాత నుంచి రోజూ ఈ అడుగులు. ఇయ్యి నీ కంటబడితే దూడ బతికుండాదంటావు. మీ నాయన నన్ను దొంగంటాడు. ఇంగ ఏ ఊరోళ్ళు నా చేతికి గొడ్డునిస్తారు? అందుకే చెరిపినా."

చిరుత పట్టింది ఎక్కడ అని అడిగాను. వాగుకి పైన ఒక ఇరుకు చూపించాడు. అక్కడ వానలకి అన్నీ కొట్టుకుపోయాయి. కానీ దావీదన్న నేర్పింది ఊరికే పోలేదు. పైకి పోతే ఒక చెట్టుకి చిరుత గోళ్ళు పెట్టి బరికిన గీతలు కనపడ్డాయి. ఆ పైన ఎండి సున్నం రంగుకి తిరిగిన పెంట, చిదిమితే లోపల తెల్లటి పొట్టి వెంట్రుకలు. పొదల కింద ఏదో ఈడ్చినట్టు వంగిన కొమ్మలు ఒకే వైపుకి ఉన్నాయి. వాటి వెంట పాక్కుంటూ పోతే ఒక బండ కింద చూరులాంటి చోటు. పక్కటెముకలు, ముళ్ళపంది గీకిన తొడ ఎముక, చెవులు లేని చిన్న పుర్రె. అవి ఎవరి దూడవైనా కావచ్చు, నాయన అదే అంటాడు. చీమలు పెట్టిన మట్టిలో సగం పూడిన కాలొకటి దొరికింది. దులిపి చూశాను. ముందు కుడికాలు. బయటి చీలిక పొట్టి.

మా దూడ చచ్చిపోయింది. అందులో సందేహం లేదు. తోలు ఎండి ఎముకకి అంటుకుపోయింది, ఎప్పటిదో.

ఆ కాలు చూడగానే పెంచలయ్యకి ప్రాణం లేచొచ్చింది. నెత్తిన పెట్టుకున్నంత పని చేశాడు. అన్నం తినేలోపే చిరుత పొడుగు మూర పెరిగింది, ఆయన దాని తోక పట్టుకుని లాగాడు కూడా. నేనేమో ఇంకో అనుమానంలో పడ్డాను. ఈ కాలుతోనే ఎవరో ఇసుకలో ముద్రలేస్తున్నారేమో? అందుకని దాన్ని గోనెముక్కలో చుట్టి నా సంచిలో పెట్టి, ఆ సంచి రోజంతా భుజానే వేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం తిన్నె నేనే చదును చేసి, ముగ్గురం ఒకేచోట కూర్చున్నాం.

ఆవు వచ్చింది. నిలబడింది. నాకింది. నురగ పడింది.

దిగి చూస్తే దూడ అడుగులున్నాయి. మూడు కాళ్ళవే. ముందు కుడికాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎడమకాలి గిట్ట మాత్రం ఇసుకలో లోతుగా దిగింది, ఒళ్ళంతా దాని మీద మోపినట్టు. ఒకచోట మోకాళ్ళ మీద పడి లేచిన గుంట కూడా ఉంది.

సంచి నా భుజానికే ఉంది. తడుముకుని చూస్తే కాలు లోపలే ఉంది.

రవణమ్మత్త ఏడ్చింది. "దాని కాలు దానికి ఇచ్చెయ్యబ్బయ్యా," అంది. నాకు కోపమొచ్చింది. అది చెవికి బదులుగా దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం, అది పోతే నీ మొగుడు దొంగవుతాడని అరిచాను. ఆయనైనా అడ్డం పడతాడనుకున్నాను. పెంచలయ్య ఆ గుంట దగ్గర కూర్చుని వేళ్ళతో ఇసుక తడుముతున్నాడు.

"కుంటతా ఉండాది అబ్బయ్యా," అన్నాడు. "నా సంగతి నేను చూసుకుంటాలే. ఇచ్చెయ్."

ఇచ్చాను, కానీ నమ్మి ఇవ్వలేదు. గోనెముక్క విప్పి ఆ కాలుని అడుగులు ఆగిపోయిన చోట పెట్టాను. చుట్టూ ఇసుకని గట్టు దాకా నా చేతులతో చదును చేశాను, చీమ నడిచినా తెలిసేంత మెత్తగా. మర్నాడు మధ్యాహ్నం ఆవు వచ్చి పోయాక చూశాను. నాలుగు కాళ్ళ అడుగులున్నాయి. నేను పెట్టిన కాలు లేదు. నక్కదిగానీ, ముంగిసదిగానీ, దుమ్ములగొండిదిగానీ, మనిషిదిగానీ మరో అడుగు ఆ ఇసుకలో లేదు. నేను నేర్చుకున్న గుర్తులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ పడి వెతికాను.

ఇన్నేళ్ళుగా దీన్ని తిప్పితిప్పి చూశాను. పెంచలయ్య ఆడించిన నాటకమే అనుకుందాం. దొంగతనం చేసినవాడు దూడ బతికుందని తన మీదికే సాక్ష్యం తయారుచేసుకుంటాడా? దొంగతనం చెయ్యనివాడు తనని కాపాడే కాలుని పారెయ్యమంటాడా? ఆవు వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ నా పక్కనే ఉన్నారు. ఇంకెవరైనా చేశారనుకుందామంటే, ఆ అడవిలో మేము ముగ్గురమే. ఆవుకి భ్రమ అంటే ఒప్పుకుంటాను, దూడ లేకపోయినా గాలిని నాకి ఉండొచ్చు. ఇసుకకి భ్రమ ఉంటుందా?

నేను ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. నాయన అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు.

"చెవేది?" అన్నాడు.

లేదన్నాను. తోలుముక్కో, గిట్టో ఏదైనా తెచ్చావా అన్నాడు. అదీ లేదన్నాను. చిరుత తిన్నది నిజమే నాయనా, నేను చూశాను, పెంచలయ్య మామ తప్పులేదు అన్నాను. జరిగింది చెప్పలేదు. చెబితే ప్రార్థన పెట్టించేవాడు. కాపరి నిలబడాల్సిన చోట నేను నిలబడి, ఏ ఆధారమూ లేకుండా నా మాట నమ్మమని అడుగుతున్నానని అప్పుడు తెలిసింది. ఇది కూడా అబద్ధమనుకుంటే కొండ మీద ఆ ఇద్దరికీ బతుకు లేదు.

నాయన వల పక్కన పెట్టాడు.

"నువ్వు నన్నే నమ్మవు," అన్నాడు. "కొలిచిచ్చిన వడ్లు నా ముందరే మళ్ళీ కొలిచినోడివి. అట్టాంటోడివి చెవి లేకుండా ఒకడి మాట మోసుకొచ్చినావు. ఇంగ నాకు చెవెందుకు?"

మరుసటేడు కూడా మంద పెంచలయ్యకే ఇచ్చాడు. ఆయన బతికినన్నాళ్ళూ మా ఊరి గొడ్లు ఆయన వెంటే కొండకి పోయాయి. నాయన ఆ సాయంత్రం మళ్ళీ వల చేతికి తీసుకుని హాయిగా అల్లుకున్నాడు, ఆయనకి తేలిపోయింది. నాకు మాత్రం ఈ రోజుకీ తేలలేదు.